నడిరాత్రి వేడి: నేల మీది కొలతకూ థర్మోస్ఫియర్ మోడల్‌కూ మధ్య తేడా ఎవరిది?

సూర్యుడు అస్తమించాక థర్మోస్ఫియర్ (వాతావరణపు చాలా పై పొర) చల్లబడుతూ పోవాలి. 250 కిలోమీటర్ల ఎత్తున గాలిని వేడెక్కించేది ముఖ్యంగా సూర్యుడి తీవ్ర అతినీలలోహిత కిరణాలు. అవి ఆగిపోయాక ఉష్ణోగ్రత గీత తెల్లవారేదాకా కిందికి జారాలి. క్లైమటాలజీ మోడల్‌ని (ఏళ్ల కొలతల సగటు ప్రవర్తన చెప్పేదాన్ని) అడిగితే ఇంచుమించు అలాంటి గీతే ఇస్తుంది. కానీ భూమధ్యరేఖకు దగ్గరి అక్షాంశాల్లో ఫాబ్రీ-పెరో ఇంటర్‌ఫెరోమీటర్ (కాంతి గీత వెడల్పునూ జరగడాన్నీ కొలిచే పరికరం) పెట్టి చూస్తే చాలా రాత్రుల్లో అలా జరగదు. అర్ధరాత్రికి అటూ ఇటూగా ఉష్ణోగ్రత మళ్లీ లేస్తుంది, గంటో రెండు గంటలో అలాగే ఉండి పడిపోతుంది. దీన్ని మిడ్‌నైట్ టెంపరేచర్ మ్యాగ్జిమమ్ అంటారు, పొట్టిగా ఎంటీఎం. ప్యూర్టోరికోలోని అరెసిబో రాడార్, అట్మాస్ఫియర్ ఎక్స్‌ప్లోరర్ ఉపగ్రహాలు 1970ల్లోనే దీన్ని చూపించాయి. చోటును బట్టి, కాలాన్ని బట్టి ఈ లేవడం కొన్ని పదుల కెల్విన్ల నుంచి 200 కెల్విన్ల దాకా నమోదైంది.

ఈ కేసు అలాంటి ఒక తక్కువ అక్షాంశ స్టేషన్‌ది. ఒక సీజన్‌లో మబ్బు, వెన్నెల లేని రాత్రుల డేటా తీసుకుని మోడళ్లతో పోల్చాం. తేడా వస్తుందని ముందే తెలుసు. అందులో ఎంత మోడల్‌ది, ఎంత పరికరానిది, ఎంత మేం పోల్చిన తీరుది అని విడదీయడమే అసలు పని. నా లెక్కలో చాలాసార్లు మూడోదే పెద్దది. దాని గురించే అందరూ తక్కువ రాస్తారు.

కొలిచేది ఏమిటి

రాత్రి ఆకాశంలో కంటికి ఆననంత మసకగా ఒక ఎర్రటి కాంతి ఉంటుంది. ఆక్సిజన్ పరమాణువు ఇచ్చే 630.0 నానోమీటర్ల గీత అది. ఎఫ్ పొరలోని (పై వాతావరణంలో అయాన్లు, ఎలక్ట్రాన్లు ఎక్కువున్న పొర) ఆక్సిజన్ అయాన్, ఆక్సిజన్ అణువుతో చార్జి మార్చుకుంటుంది. అలా పుట్టిన అణు అయాన్ ఎలక్ట్రాన్‌తో కలిసి రెండు పరమాణువులుగా చీలుతుంది. చీలినవాటిలో ఉత్తేజిత స్థితిలో ఉన్నది ఈ కాంతినిస్తుంది. ఆ స్థితి ఆయుష్షు సుమారు 110 సెకన్లు. పరమాణువులకు ఇది చాలా పెద్ద కాలం. ఆ లోపల చుట్టూ ఉన్న గాలితో ఎన్నోసార్లు ఢీకొని దాని ఉష్ణోగ్రతకూ వేగానికీ సర్దుకుంటుంది. అందుకే గీత వెడల్పు నుంచి ఉష్ణోగ్రత, గీత జరగడం నుంచి గాలి వేగం తీయగలుగుతున్నాం.

అంకెలు చూస్తే పని ఎంత సున్నితమో తెలుస్తుంది. 800 కెల్విన్ల దగ్గర గీత వెడల్పు సుమారు 3.2 పికోమీటర్లు. సెకనుకు 100 మీటర్ల గాలి ఆ గీతను జరిపేది 0.21 పికోమీటర్లు మాత్రమే. పలకల మధ్య 15 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న ఎటలాన్‌లో (ఇంటర్‌ఫెరోమీటర్‌లోని జంట పలకల అమరిక) ఆ ఖాళీ 0.05 నానోమీటర్లు పెరిగితే, సెకనుకు 1 మీటరు గాలి వీచినట్టే కనబడుతుంది. ఇక గాలి పీడనం సంగతి. ఎటలాన్ గది సీలు సరిగా లేకపోతే 1 హెక్టోపాస్కల్ పీడనం మార్పుకే సెకనుకు దాదాపు 80 మీటర్ల దొంగ గాలి పుడుతుంది. ఉష్ణమండలంలో నేల మీది పీడనం రోజుకు రెండుసార్లు, సుమారు ఉదయం 10కీ రాత్రి 10కీ, ఒక హెక్టోపాస్కల్ స్థాయిలో పెరుగుతుంది. అంటే సీలు కారుతున్న పరికరం, పై వాతావరణంలో లేని 12 గంటల అలను చక్కగా గీసి చూపిస్తుంది. థర్మోస్ఫియర్‌లో నిజంగానే 12 గంటల టైడ్ (వాతావరణంలో రోజు లయతో వచ్చే పెద్ద అల) ఉంటుంది కాబట్టి చూసినవాళ్లు నమ్మేస్తారు కూడా.

దీనికి విరుగుడు లేజర్. 632.8 నానోమీటర్ల స్థిరీకరించిన హీలియం-నియాన్ లేజర్‌ను ఆకాశం చూసే మధ్యమధ్యలో చూసి, ఎటలాన్ ఎంత కదిలిందో తీసేస్తాం. అయితే 630.0 దగ్గర సున్నా వేగం ఎక్కడుందో చెప్పే దీపం మన దగ్గర లేదు. నిలువుగా పైకి చూసిన కొలతల సగటును సున్నా అనుకుంటాం. రాత్రంతా కలిపి చూస్తే నిలువు గాలి సగటు సున్నాకు దగ్గరగా ఉంటుందన్న ఊహ మీద ఇది నిలబడింది. ప్రశాంతమైన రాత్రుల్లో ఈ ఊహ బాగానే పనిచేస్తుంది.

ఎవరితో పోల్చాం

ఉష్ణోగ్రతకు ఎన్‌ఆర్‌ఎల్ఎంసిస్ 2.0, పక్కన పాత ఎన్‌ఆర్‌ఎల్ఎంసిస్ఈ-00 (కింద వీటిని ఎంసిస్ అనే అంటాను). గాలికి హెచ్‌డబ్ల్యూఎం14. ఈ మూడూ అనుభవ మోడళ్లు: దశాబ్దాల కొలతలకు గణిత ఫంక్షన్లు అమర్చి తీసిన సగటు ప్రవర్తన. నాలుగోది టైజీసీఎం, భౌతిక సమీకరణాలను గ్రిడ్ మీద పరిష్కరించే మోడల్. దాని అడుగు సుమారు 97 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. కింది నుంచి వచ్చే టైడ్‌లను అక్కడ బయటి నుంచి ఇవ్వాలి.

అనుభవ మోడల్‌ని ఒక్క రాత్రి డేటా పక్కన పెట్టి తప్పు పట్టడమంటే, మే నెల సగటు ఎండ చెప్పే పట్టిక చూసి ఈ రోజు మధ్యాహ్నం ఎంత ఉందని నిలదీయడమే. ఆ మోడల్ ఇచ్చిన మాట అది కాదు. కాబట్టి ముందు ప్రశ్నను సరిచేసుకోవాలి: ఇదే సీజన్, ఇదే సౌర స్థాయి, ఇలాంటి ప్రశాంత రాత్రుల సగటులో మోడల్ ఎంత దూరంలో ఉంది?

ఇన్‌పుట్‌ల దగ్గరే కొన్ని గుంటలు ఉన్నాయి. ఎఫ్10.7 సౌర సూచిక (సూర్యుడి నుంచి వచ్చే 10.7 సెంటీమీటర్ల రేడియో తరంగాల బలం) రెండు రకాలుగా దొరుకుతుంది: భూమి ఉన్న అసలు దూరంలో కొలిచింది, ఒక ఖగోళ యూనిట్ దూరానికి సర్దింది. ఎంసిస్‌కు ఇవ్వాల్సింది మొదటిది. జనవరిలో, జులైలో ఈ రెండింటి మధ్య తేడా 3 శాతానికి పైనే ఉంటుంది. జాకియా 1971 సూత్రంలో సగటు ఎఫ్10.7 ఒక యూనిట్ పెరిగితే రాత్రి కనిష్ఠ ఎక్సోస్ఫియర్ (థర్మోస్ఫియర్ పైనున్న పొర) ఉష్ణోగ్రత 3.24 కెల్విన్లు పెరుగుతుంది. సూచిక 150 దగ్గర ఉన్నప్పుడు ఆ 3 శాతం 5 యూనిట్లు, అంటే 16 కెల్విన్లు. మన పరికరం ఎర్రర్ బార్ కూడా చాలా రాత్రుల్లో ఆ పాటిదే. ఫైలు హెడర్ చదవకుండా కాలమ్ తీసుకుంటే సీజన్ మారినప్పుడల్లా మోడల్ ఒక వైపు వంగుతుంది, నింద మోడల్ మీద పడుతుంది.

హెచ్‌డబ్ల్యూఎం14తో ఇంకో తమాషా ఉంది. దాని ఫంక్షన్ ఎఫ్10.7ను తీసుకుంటుంది, వాడదు. పాత వెర్షన్ల కోడ్‌తో పొసగడానికి ఆ ఆర్గ్యుమెంట్లను ఉంచారంతే. ఏపీ సూచికకు (భూ అయస్కాంత అలజడి కొలత) రుణ విలువ ఇస్తే ప్రశాంత కాలపు గాలి మాత్రమే ఇస్తుంది, ధన విలువ ఇస్తే అలజడి భాగాన్ని కలుపుతుంది. మేం రాత్రుల్ని ఎంచుకునేటప్పుడు ఆ రాత్రి కేపీతో (అదే అలజడికి ఇంకో సూచిక) ఆగకుండా ముందు రోజంతా కూడా కేపీ 3 దాటని వాటినే ఉంచాం. ధ్రువాల దగ్గర మొదలైన అలజడి ప్రభావం తక్కువ అక్షాంశాలకు గంటల ఆలస్యంతో చేరుతుంది, ఆ వేళకు స్థానిక సూచిక ప్రశాంతంగా కనబడుతూ ఉంటుంది. అందుకే ఈ జాగ్రత్త.

మోడల్‌ని పరికరం కళ్లతో చూడటం

చాలామంది చేసే మొదటి పోలిక ఇది: స్టేషన్ అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు 250 కిలోమీటర్లు, గంటకో విలువ. దాని పక్కన నాలుగు దిక్కుల కొలతల సగటు. మేం కూడా దాన్ని ఆధార గీతగా ఉంచుకున్నాం, మిగతా సవరణల్లో ఏది ఎంత మార్చిందో చూడటానికి.

మొదటి సవరణ చోటు. 45 డిగ్రీల కోణంలో చూస్తే దృష్టిరేఖ 250 కిలోమీటర్ల ఎత్తును తాకేది స్టేషన్‌కు సుమారు 235 కిలోమీటర్ల అవతల. ఉత్తర, దక్షిణ బిందువుల మధ్య దూరం 470 కిలోమీటర్లు. తూర్పు బిందువు దగ్గర స్థానిక సౌర సమయం మనకన్నా 8 నిమిషాలకు పైగా ముందుంటుంది, పడమటిది అంతే వెనక. నాలుగింటినీ సగటు చేస్తే, మనం వెతుకుతున్న ఉత్తర దక్షిణ మార్పే చెరిగిపోతుంది. అందుకని మోడల్‌ని కూడా నాలుగు బిందువుల దగ్గర విడివిడిగా నడిపాం. పాత ఎంసిస్‌కు యూటీ (ప్రపంచ ప్రామాణిక సమయం), రేఖాంశం, స్థానిక సమయం వేర్వేరుగా ఇవ్వాలి. ఆ మూడూ ఒకదానితో ఒకటి పొసగకపోయినా అది కిక్కురుమనకుండా ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది.

రెండోది కోణం. భూమి గుండ్రన కాబట్టి నేల మీద 45 డిగ్రీలు, పైన కాంతి పుట్టే చోట 45 కాదు. అడ్డగాలి భాగం తీయడానికి నేల కోణాన్నే వాడితే గాలి వేగం దాదాపు 4 శాతం తక్కువ వస్తుంది, ఏ కోణంలో చూసినా అదే నిష్పత్తి. 100 మీటర్ల గాలికి 4 మీటర్లు. చిన్నదే, కానీ ఎప్పుడూ ఒకే దిక్కున ఉండే తప్పు, సగటులో పోదు.

మూడోది, అసలైనది, ఎత్తు. 630.0 కాంతి ఒక పలుచని పొర నుంచి రాదు. పదుల కిలోమీటర్ల మందం ఉన్న పొర అది, పైగా రాత్రంతా కదులుతుంది. ఎఫ్ పొర పైకి లేస్తే అదీ లేస్తుంది, మసకబారుతుంది. ఎఫ్ పొర దిగితే ఆక్సిజన్ అణువులు ఎక్కువున్న చోటికి చేరి వెలుగు పెరుగుతుంది. మరీ దిగితే నైట్రోజన్ అణువులతో ఢీకొని ఉత్తేజిత పరమాణువులు వెలగకుండానే ఆరిపోతాయి. ఎలక్ట్రాన్ సాంద్రత ఐఆర్ఐ అనే అయనోస్ఫియర్ మోడల్ నుంచి, తటస్థ వాయువులు ఎంసిస్ నుంచి తీసుకుని ప్రతి ఎత్తులో ఎంత కాంతి పుడుతుందో లెక్కవేశాం. అయనోసోండ్ (రేడియో తరంగాలతో ఎఫ్ పొర ఎత్తు కొలిచే పరికరం) డేటా ఉన్న రాత్రుల్లో ఐఆర్ఐ పొరను ఆ కొలిచిన ఎత్తుకు జరిపాం. ఆ కాంతి బరువులతో మోడల్ ఉష్ణోగ్రత, గాలి సగటు తీస్తే అది పరికరం చూడగలిగిన మోడల్ అవుతుంది.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. పొర లోపల వేర్వేరు ఎత్తుల్లో వేర్వేరు గాలులుంటే గీత వెడల్పై, ఉష్ణోగ్రత ఎక్కువ చూపిస్తుందా? లెక్క చూస్తే భయం లేదు. 800 కెల్విన్ల దగ్గర ఆక్సిజన్ పరమాణువుల దృష్టిరేఖ వేగాల చెదురు సెకనుకు 645 మీటర్లు. పొరలో గాలి తేడాల వల్ల వచ్చే 15 మీటర్ల చెదురును వర్గాల్లో దానికి కలిపితే ఉష్ణోగ్రతలో అర కెల్విన్ కూడా రాదు.

ఈ మూడు సవరణల తర్వాత తూర్పు పడమర గాలిలో తేడా చాలా మటుకు తగ్గింది. సాయంత్రం తూర్పుకు బలంగా వీచి, నడిరాత్రి తర్వాత నెమ్మదించే తీరును హెచ్‌డబ్ల్యూఎం14 బాగానే పట్టుకుంది. మిగిలిన తేడా రాత్రంతా ఒకే వైపు ఉంది. సౌర చురుకుదనం పెరిగితే రాత్రి తూర్పు గాలి బలపడుతుందని పెరూలోని అరెక్విపాలో ఏళ్ల తరబడి చేసిన కొలతలు చూపించాయి, ఈ మోడల్‌కేమో సౌర సూచిక తెలియదు. కాబట్టి ఇలాంటి తేడా రావడమే న్యాయం. దాని మీద ఇంక సమయం పెట్టలేదు.

ఉష్ణోగ్రతలో మాత్రం రాత్రి తొలిభాగపు తేడా తగ్గింది, నడిరాత్రి బుడిపె అలాగే నిలబడింది. పాత ఎంసిస్‌లో ఆ జాడ చాలా చిన్నది, కొత్తదాంట్లోనూ మా డేటాకు సరిపోయేంత లేదు.

బుడిపె నిజమేనా

ఇక్కడ ఆగి మోడల్ తప్పని రాసేయొచ్చు. ఎంటీఎం ఎలాగూ తెలిసిన విషయమే కదా, ఎవరూ అడ్డు చెప్పరు. కానీ మా బుడిపె ఎత్తును ఇంకొకరు మోడల్ సరిచేయడానికి వాడతారు. అది 50 కెల్విన్లా, 100 కెల్విన్లా అన్నది మాకు ముఖ్యం. అందుకని పరికరం వైపు తిరిగాం.

లేజర్‌తో మొదలుపెట్టాం. ఉష్ణోగ్రత గీత వెడల్పు వర్గంతో పెరుగుతుంది, కాబట్టి వెడల్పులో 1 శాతం తప్పు 800 కెల్విన్ల దగ్గర 16 కెల్విన్లు. లేజర్ కాంతి ఎటలాన్‌ను ఆకాశం నింపినట్టే నింపకపోతే పరికరం సొంత వెడల్పు తప్పుగా అంచనా అవుతుంది. కానీ అలాంటి తప్పు రాత్రంతా ఇంచుమించు ఒకలాగే ఉంటుంది, నడిరాత్రికి లేచి దిగదు. అందుకే మొదటి నుంచీ రెండు విషయాల్ని విడివిడిగా చూశాం: ఉష్ణోగ్రత స్థాయి, ఉష్ణోగ్రత ఆకారం. స్థాయిలో తేడా వస్తే పరికరాన్ని అనుమానించడానికి చోటుంది. ఆకారం విషయంలో పరికరాన్ని నిందించాలంటే రాత్రిలో సమయంతో మారే కారణం ఒకటి కావాలి.

అలాంటి కారణం ఒకటుంది, మొత్తం కేసులో నాకు బాగా నచ్చిన మలుపు ఇదే. సుమారు 87 కిలోమీటర్ల దగ్గర హైడ్రాక్సిల్ (ఓహెచ్) పొర వెలుగుతుంటుంది. దాని 9-3 పట్టీలోని గీతలు కొన్ని 630.0కు దగ్గర్లో ఉంటాయి. అవి సరిగ్గా అక్కడే లేకపోయినా ఫిల్టర్ అంచున దూరి వస్తాయి. 15 మిల్లీమీటర్ల ఎటలాన్‌లో ఒక ఆర్డర్‌కూ ఇంకో ఆర్డర్‌కూ (ఎటలాన్‌లో ఒకే నమూనా మళ్లీ వచ్చే చోట్లు) మధ్య దూరం 13 పికోమీటర్లే కాబట్టి అవి మడతపడి మన గీత మీదికి వచ్చి కూర్చుంటాయి. ఎక్కడ కూర్చుంటాయన్నది ఎటలాన్ ఖాళీని బట్టి ఉంటుంది. అంచున పడితే గీతను వెడల్పు చేస్తాయి, నడుమ పడితే సన్నగా చేస్తాయి. మా పరికరంలో నడుమకు దగ్గరగా పడ్డాయి. ఆ పొర చల్లనిది, దాని గీత వెడల్పు ఎర్ర గీతలో సగం కూడా ఉండదు. ఫలితంగా ఎర్ర కాంతి మసకగా ఉన్నప్పుడు ఉష్ణోగ్రత ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు ఎంటీఎం సమయంలో ఏమవుతుందో చూడండి. అప్పుడు ధ్రువం వైపు వీచే గాలి ఎఫ్ పొరను అయస్కాంత రేఖల వెంట కిందికి నెడుతుంది. పొర దిగితే 630.0 వెలుగు పెరుగుతుంది. వెలుగు పెరిగితే హైడ్రాక్సిల్ వాటా తగ్గుతుంది. వాటా తగ్గితే అంతకుముందు తొక్కిపెట్టిన ఉష్ణోగ్రత అసలు స్థాయికి లేస్తుంది. అంటే పైన ఏమీ వేడెక్కకపోయినా, గ్రాఫులో సరిగ్గా నడిరాత్రే ఒక బుడిపె వస్తుంది. బుడిపెతోపాటు వెలుగు కూడా పెరిగింది కాబట్టి అది నిజమేననే వాదన తరచుగా వినిపిస్తుంది. ఈ కోణంలో చూస్తే ఆ వాదన తనకే ఎదురు తిరుగుతుంది.

పరీక్ష సులువే. ఒకే వెలుగు ఉన్న కొలతల్ని రాత్రిలో వేర్వేరు సమయాల నుంచి ఏరి, పక్కపక్కన పెట్టాం. సాయంత్రం పొర ఇంకా కిందే ఉన్నప్పటి వెలుగు, ఎంటీఎం నాటి వెలుగు చాలా రాత్రుల్లో కలుస్తాయి. వెలుగు సమానంగా ఉన్నా బుడిపె నాటి ఉష్ణోగ్రత ఎక్కువే ఉంది. సాయంత్రం నుంచి చల్లబడి ఉండాల్సిన గాలి కాబట్టి ఇది చాలా గట్టి ఆధారం. అలాగని అనుమానం పూర్తిగా తప్పూ కాదు. బుడిపెకు ముందు ఆకాశం బాగా మసకగా ఉన్న రాత్రుల్లో హైడ్రాక్సిల్ గీతను కలిపి ఫిట్ చేస్తే ముందరి లోయ పైకి లేచింది, బుడిపె పొట్టిదైంది. మసక రాత్రులకు ఒక వెలుగు హద్దు పెట్టి, దాని కింది కొలతల్ని ఉష్ణోగ్రత సగటుల్లోంచి తీసేశాం. ఇలా తీసేస్తే సోలార్ మినిమమ్ (సూర్యుడి చురుకుదనం బాగా తగ్గే కాలం) డేటాలో చాలా భాగం పోతుంది, ఆ కాలంలో ఆకాశమే మసక. తీయకపోతే మాత్రం సోలార్ మినిమమ్‌లో ఎంటీఎం పెద్దదన్న ఫలితం ఎవరికైనా సులువుగా వచ్చేస్తుంది.

ఎత్తు వాదన ఒకటి మాకు అనుకూలంగా వచ్చింది. ఆ ఎత్తుల్లో ఉష్ణోగ్రత పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. ఎంటీఎం వేళ కాంతి పొర కిందికి దిగుతుంది, అంటే పరికరం ఇంకా చల్లని గాలిని చూస్తోంది. అయినా ఉష్ణోగ్రత పెరిగింది. ఒకే ఎత్తులో కొలిచి ఉంటే బుడిపె ఇంకాస్త పెద్దదే ఉండేది. కాంతి బరువులతో తీసిన మోడల్ గీతలో అదే సమయానికి చిన్న పల్లం కనబడటం దీనికి తోడైంది.

ఇక దిక్కుల సంగతి. ఎటలాన్ గది వేడెక్కినా, డిటెక్టర్ ఏదైనా చేసినా నాలుగు దిక్కుల్లోనూ ఒకేసారి కనబడాలి. మా డేటాలో శిఖరం భూమధ్యరేఖ వైపు బిందువులో ముందు, ధ్రువం వైపు బిందువులో తర్వాత వచ్చింది. ఎంటీఎం భూమధ్యరేఖ దగ్గర మొదలై ధ్రువాల వైపు జరుగుతుందన్నది ఇతర స్టేషన్ల నుంచి తెలిసిన నడతే. అయనోసోండ్‌లో ఎఫ్ పొర అడుగు ఎత్తు కూడా అదే వరసలో పడింది. ఆ పరికరం రేడియో తరంగాలతో పనిచేస్తుంది, మా ఎటలాన్‌తో దానికి సంబంధమే లేదు.

సగటు తీసే తీరు

శిఖరం ఏ రాత్రీ ఒకే సమయానికి రాదు. గడియారం ప్రకారం అన్ని రాత్రుల్నీ కలిపి సగటు తీస్తే బుడిపె వెడల్పై, పొట్టిదై, మోడల్‌కు దగ్గరవుతుంది. ప్రతి రాత్రినీ దాని సొంత శిఖరం దగ్గర అతికించి సగటు తీస్తే ఎత్తు పెరుగుతుంది, కానీ అందులో నాయిస్ కూడా శిఖరంగా ఎంపికై ఉంటుంది. నాయిస్ తప్ప ఏమీ లేని డేటాతో అలా చేసినా బుడిపె వస్తుంది. మధ్యేమార్గంగా అయనోసోండ్ ఇచ్చే పొర కనిష్ఠ సమయాన్ని సున్నా గంటగా పెట్టుకున్నాం. ఉష్ణోగ్రత డేటా తనకు తాను సాక్ష్యం చెప్పుకోకుండా ఉంటుంది. ఈ మూడు గీతల్నీ పక్కపక్కన ప్రచురించాలన్నది నా పట్టుదల, చదివేవాళ్లు ఏది వాడాలో వాళ్లే తేల్చుకుంటారు.

ఆర్‌ఎంఎస్ తేడా (తేడాల వర్గాల సగటుకు వర్గమూలం) ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం కూడా నాకు నచ్చదు. దాని వర్గంలో సగటు తేడా వర్గం ఉంటుంది, రాత్రి రాత్రికీ మారే సహజ చలనం ఉంటుంది, కొలత ఎర్రర్ ఉంటుంది. క్లైమటాలజీ మోడల్ ఎంత బాగున్నా రెండోదాన్ని తగ్గించలేదు. డేటా సొంత చెదురుకు మించి ఎంత ఉందన్నదే దాని మార్కు. ఇంకో జాగ్రత్త: హెచ్‌డబ్ల్యూఎం14ను తయారుచేసినప్పుడే చాలా స్టేషన్ల ఫాబ్రీ-పెరో గాలుల్ని అందులో కలిపారు. ఆ స్టేషన్ల ఆ కాలపు డేటాతో పోల్చి మోడల్ బాగుందంటే, విద్యార్థికి ఇచ్చిన జవాబుల్నే ప్రశ్నలుగా అడిగినట్టు. మేం వాడిన రాత్రులు ఆ కాలం దాటినవి.

మబ్బుల గురించి కూడా ఒక మాట. పలుచని మబ్బు కాంతిని ఆపకుండా చెదరగొడుతుంది. ఉత్తరం చూస్తుంటే ఆకాశంలోని మిగతా దిక్కుల కాంతీ వచ్చి కలుస్తుంది, గాలి వేగం తక్కువ చూపిస్తుంది. మబ్బే కాదు, మామూలు గాలిలోని ధూళి కూడా కొంత ఈ పని చేస్తుంది. ఆకాశంలో వెలుగు దిక్కును బట్టి బాగా మారే రాత్రుల్లో నిలువు గాలిగా కనబడేదాంట్లో చాలా భాగం ఈ చెదరడం వల్లే రావచ్చని 2017లో ఒక విశ్లేషణ చూపించింది. ఎంటీఎం వేళ సరిగ్గా అలాంటి వెలుగు మార్పే ఉంటుంది. అందుకని ఆ గంటల్లో నిలువు కొలతల్ని సున్నా వేగం లెక్కలోంచి పక్కన పెట్టాం.

మిగిలింది ఏమిటి

ఇవన్నీ అయ్యాక ఉత్తర దక్షిణ గాలిలో ఒకటి, ఉష్ణోగ్రతలో ఒకటి తేడాలు నిలిచాయి, రెండూ ఒకే కథలోవి. భూమధ్యరేఖ వైపు వీస్తున్న గాలి నడిరాత్రికి నెమ్మదించి, కొన్ని రాత్రుల్లో తిరగబడుతుంది. వేడెక్కిన చోట పీడనం పెరిగి గాలిని బయటికి నెడుతుంది కాబట్టి అలాగే జరగాలి కూడా. హెచ్‌డబ్ల్యూఎం14 నెమ్మదించడాన్ని చూపిస్తుంది, తిరగబడటాన్ని ఆ బలంతో చూపించదు. ఎంసిస్ ఉష్ణోగ్రత దగ్గర తడబడుతుంది. సగటు తీసిన మోడల్‌లో పదునైన ఆకారం కరిగిపోవడం కొంతవరకు అర్థం చేసుకోదగ్గదే. కానీ మా డేటాకు అదే రకం సగటు తీసినా తేడా ఉండిపోయింది, కాబట్టి ఈ వాటా మోడల్‌దే.

టైజీసీఎం సంగతి వేరు. దాని సమీకరణాల్లో లోటు లేదు, అడుగున ఇచ్చిన టైడ్‌లలో ఉంది. మామూలుగా అక్కడ 24 గంటల, 12 గంటల టైడ్‌లు ఇస్తారు. ఎంటీఎంకు 8 గంటల టైడ్, దానికన్నా పొట్టి అలలు కూడా కావాలి, అవి కిందనుంచే రావాలి. నేల నుంచి థర్మోస్ఫియర్ దాకా ఒకే మోడల్‌గా నడిపే వామ్, ఎంటీఎంను అసలుకు దగ్గరి ఎత్తుతో తెచ్చిందని 2009లో చూపించారు. ఆ జాడను కిందికి వెతుక్కుంటూ పోతే కింది థర్మోస్ఫియర్‌లోని టైడ్‌ల దగ్గరికే చేరింది. మేం టైజీసీఎంను 5 డిగ్రీల గ్రిడ్‌తోనూ 2.5 డిగ్రీల గ్రిడ్‌తోనూ నడిపాం. 5 డిగ్రీలంటే 550 కిలోమీటర్లు, మా ఉత్తర దక్షిణ బిందువుల మధ్య దూరం కన్నా ఎక్కువ. ఆ రన్‌లో శిఖరం ఇటు నుంచి అటు జరిగిందా అని అడగడమే అనవసరం. 2.5 డిగ్రీల దగ్గర అడగొచ్చు, బుడిపె మాత్రం పొట్టిగానే ఉంది.

తర్వాతి అడుగు అసలు తేదీలకే నడిపిన పూర్తి వాతావరణ మోడల్‌తో పోల్చడం. కింది వాతావరణాన్ని పునర్విశ్లేషణ డేటాకు (పాత కొలతల్ని మోడల్‌తో కలిపి తిరిగి లెక్కవేసింది) కట్టి నడిపే వాకమ్-ఎక్స్ రన్‌లు దానికి సరిపోతాయి. అక్కడ మేం ముందు చూసేది భూమధ్యరేఖ వైపు బిందువుకూ ధ్రువం వైపు బిందువుకూ మధ్య శిఖరం ఎంత ఆలస్యమైందన్నది. బుడిపె ఎత్తు ఆ తర్వాత. ఆలస్యాన్ని లేజర్ వెడల్పు తప్పు మార్చలేదు, ఎఫ్10.7 ఏ కాలమ్ నుంచి తీసుకున్నా మారదు, వెలుగు హద్దు పెట్టాక హైడ్రాక్సిల్ ప్రభావం కూడా దాని మీద చాలా తక్కువ. ఎత్తు విషయంలో ఈ మూడింటికీ ఇంకా విడివిడిగా ఎర్రర్ బార్లు రాయాల్సి వస్తోంది.